రెండు పుట్టినరోజుల పిల్లాడు

మా చర్చిలో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో తెలియాలంటే నన్నే అడగాలి. పదకొండేళ్ళుగా సెక్రటరీని నేనే. ఆదివారం ఆరాధన అయిపోయే ముందు మైకు దగ్గరికి వెళ్ళి, ఆ వారం పుట్టినవాళ్ళ పేర్లూ, పెళ్ళిరోజుల వాళ్ళ పేర్లూ చదువుతాను. వాళ్ళు కృతజ్ఞత కానుక కవరు పట్టుకుని ముందుకొస్తారు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, అందరం పాట పాడతాం. ఇన్నేళ్ళలో నేను ఒక్క తేదీ తప్పు చదివానని అన్నవాళ్ళు లేరు. ఆఫీసులో కూడా నా పని డేటాబేసులే. ఎవరైనా తారీఖు తప్పు కొడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. "మీకు తారీఖుల పిచ్చండీ" అంటుంది మా ఆవిడ లూసీ.

అలాంటివాణ్ణి, కన్నకొడుకు పుట్టినరోజు అబద్ధం రాయించాను.

జెరెమీ పుట్టింది అక్టోబరు పంతొమ్మిదిన, రేపల్లెలో, మిషన్ ఆస్పత్రిలో. బయట జోరున వాన. వాడికి రెండేళ్ళ ఎనిమిది నెలలప్పుడు ఎల్‌కేజీలో వేద్దామని కాన్వెంటుకి తీసుకెళ్ళాను. మూడేళ్ళు నిండితేనే తీసుకుంటాం, వచ్చే ఏడు రండి అన్నారు. ఏడాది వృథా అయిపోతుందే! నాకు కాలు నిలవలేదు. మా వీధిలో సగం మంది పుట్టినరోజులు బడి టేబుల్ దగ్గర పుట్టినవే, మా నాన్నదీ అంతే, అందులో తప్పేముందనుకున్నాను. "మే పది అని రాసుకోండి" అన్నాను. మే పదే ఎందుకంటే చెప్పలేను, నోటికి అదొచ్చింది. తర్వాత పాస్‌పోర్టుకి బర్త్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు, ఆ బడి కాగితమే చూపించి, నోటరీ చేయించి, మే పదితోనే తీయించాను. "ఒక ఏడు ఆగితే పోయేదేముందండీ" అని లూసీ అప్పుడే అంది. ఆడవాళ్ళకి ఇవన్నీ తెలియవులే అన్నాను.

వాడి ఐదో ఏట న్యూజెర్సీ వచ్చాం. ఇక్కడ వాడికి రెండు పుట్టినరోజులు. మే పదిన స్కూల్లో కప్‌కేకులు, అక్టోబరు పంతొమ్మిదికి చర్చిలో ప్రార్థన, ఇంట్లో కేకు, లూసీ చేతి బిర్యానీ. "నాకు టూ బర్త్‌డేస్" అని తోటి పిల్లల దగ్గర గొప్పలు పోయేవాడు. మేమూ నవ్వుకునేవాళ్ళం.

గతేడాది మే పదిన వాడికి కాగితాల మీద ఇరవై ఒకటి నిండింది. పొద్దున్నే సీరియల్ గిన్నె పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, "డాడీ, టుడే నేను పేపర్ మీద పెద్దోణ్ణయ్యాను. రెస్పెక్ట్ ఇవ్వు" అన్నాడు. నవ్వాను గానీ ప్లేటు పక్కకి నెట్టేశాను. నా వీసా మీద బతికే పిల్లలకి ఇరవై ఒకటి దాకానే నీడ. అందుకే ముందుగానే వాణ్ణి స్టూడెంట్ వీసాకి మార్పించాం. గ్రీన్‌కార్డు కోసం మేం లైన్లో నిలబడి అప్పటికి పన్నెండేళ్ళు. మా వంతు వచ్చేలోపు వాడు ఇరవై ఒకటి దాటకపోతే మాతో పాటు వాడికీ వస్తుంది. దాటితే, వాడొక్కడూ లైన్ చివరికెళ్ళి మొదటి నుంచి నిలబడాలి. మా పిటిషన్ పరిశీలనలో ఉన్న తొంభై రోజులు వాడి వయసులోంచి తీసేస్తారని లాయరు చెప్పింది. అంటే ఆగస్టు ఎనిమిది దాకా ఆశ ఉంది. చిన్నది అబిగేల్ ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

జెరెమీ మాత్రం ఇవేవీ పట్టనట్టు ఉండేవాడు. వాడి ప్రాణమంతా రగ్బీ లీగ్. ఆ ఆటేంటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. కబడ్డీ ఆడేవాళ్ళ చేతికి ఓ కోడిగుడ్డు బంతి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. జట్టుకి పదమూడు మంది. ఆరుసార్లు పట్టుబడేలోపు బంతిని అవతలి గీత దాటించాలి, తర్వాత దాన్ని రెండు కర్రల మధ్య నుంచి తన్నాలి. ఆ తన్నేవాడు మావాడు. జట్టు పేరు మోరిస్ మ్యూల్స్. మ్యూల్ అంటే కంచరగాడిద అని తెలిశాక లూసీ ముక్కున వేలేసుకుంది. "పేరు పెట్టుకోడానికి ఇంకో జంతువే దొరకలేదంట్రా?" అంది.

ఆరేళ్ళలో నేను ఒకే ఒక్క మ్యాచ్‌కి వెళ్ళాను. పది నిమిషాలకే వాడి కనుబొమ చీరుకుపోయి రక్తం కారింది. నేను వెళ్ళి కార్‌లో కూర్చున్నాను. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా, ఆదివారం ఆరాధన ఉంది కదరా అనేవాణ్ణి. అది నిజమే గానీ, పూర్తి నిజం కాదు.

జులై నెలాఖరున ఓ సాయంత్రం వాడు ఇంట్లోకి దూసుకొచ్చాడు. బట్టల నిండా మట్టి.

"డాడీ, వుయ్ వన్! నేషనల్స్! అండర్ ట్వంటీ వన్ చాంపియన్స్! లాస్ట్ కిక్ నాదే!"

"ముందు షూస్ విప్పరా, కార్పెట్!" అని అరిచింది లూసీ. అరుస్తూనే వాడి తల దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

"ఇంకా ఉంది. కెనడా చాంపియన్స్ మన దగ్గరికి వస్తున్నారు. నయాగరా హెరాన్స్ అని. వాళ్ళ చాంపియన్, మన చాంపియన్, వన్ మ్యాచ్. ఎప్పుడూ జరగలేదంట. సెప్టెంబర్ ట్వంటీ, మన గ్రౌండ్‌లోనే."

"హెరాన్స్ అంటే కొంగలు కదూ," అన్నాను. "గాడిదలకీ కొంగలకీ పోటీ అన్నమాట."

"జోక్స్ వద్దు డాడీ. నెక్స్ట్ ఇయర్ నేను టీమ్‌లో ఉండను, ఏజ్ అయిపోద్ది. ఇదే నా లాస్ట్ మ్యాచ్. నువ్వు రావాలి. అది సాటర్డే. నీకు ఎక్స్‌క్యూజ్ లేదు."

వస్తానని మాటిచ్చాను. చెయ్యి చాపి చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

ఆగస్టంతా వాడు మా అపార్ట్‌మెంట్ల వెనక పార్కులో తన్నడం ప్రాక్టీసు చేశాడు. ఒకరోజు బంతులు ఏరిపెట్టడానికి నన్ను లాక్కుపోయాడు. చిన్న ప్లాస్టిక్ పీట లాంటిది నేల మీద పెడతాడు, దాన్ని టీ అంటారు. దాని మీద బంతి నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, కర్రల వైపు రెండుసార్లు చూసి, ఊపిరి వదిలి తన్నుతాడు. ముప్ఫై తన్నితే ఇరవై ఏడు లోపలికి పోయాయి. నేను లెక్కపెడుతున్నానని వాడికి తెలుసు. బంతులు ఏరి ఏరి నా నడుం విరిగింది, అయినా ఆ సాయంత్రం లాంటిది ఈ దేశంలో నాకు ఇంకోటి లేదు. తిరిగొస్తుంటే వాడు, "ఎయిత్ కూడా అయిపోయింది కదా డాడీ" అన్నాడు. అవును, ఆగస్టు ఎనిమిది ముందు రోజే దాటింది. గ్రీన్‌కార్డు లైన్లో మా డేట్ కదల్లేదు. ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాడనుకున్నవాడు నాకంటే జాగ్రత్తగా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. "చూద్దాంలే నాన్నా, దేవుడున్నాడు" అన్నాను.

మ్యాచ్ ఉన్న వారం, మంగళవారం నాడు, గ్రీన్‌కార్డు లైన్ ఎక్కడిదాకా కదిలిందో ప్రభుత్వం నెలనెలా చెప్పే బులెటిన్, అక్టోబరు నెలది, వచ్చింది. లంచ్‌లో ఫోన్ తీసి చూశాను. నమ్మబుద్ధి కాక కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లైన్ ఒకేసారి ఏడు నెలలు ముందుకి జరిగింది. మా డేట్ వచ్చేసింది. పన్నెండేళ్ళండీ! పార్సిప్పనీలో మా ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, ఎవరు చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకుండా రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం చెప్పుకున్నాను. కార్‌లో కూర్చుని లాయరుకి ఫోన్ చేశాను.

"కంగ్రాచ్యులేషన్స్ దేవకుమార్ గారూ," అందావిడ ఇంగ్లీషులో. "అక్టోబరు ఒకటి దాటగానే మీకూ లూసీ గారికీ ఫైల్ చేసేద్దాం."

"జెరెమీకి?"

అటునుంచి కీబోర్డు చప్పుడు. తర్వాత అదీ ఆగిపోయింది.

"పుట్టింది మే పది. తొంభై రోజులు తీసేసినా, అక్టోబరు ఒకటికి యాభై నాలుగు రోజులు ఎక్కువయ్యాడు. సారీ అండీ."

యాభై నాలుగు రోజులు. అసలు తేదీ ప్రకారం ఆ రోజుకి వాడికింకా ఇరవై ఒకటే నిండలేదు. తీసేసే తొంభై రోజులతో పనే లేదు. దర్జాగా నా పక్కన నిలబడి ఉండేవాడు.

"మేడమ్, ఒకవేళ వాడి అసలు పుట్టినరోజు..."

"ఒక్క నిమిషం." ఆవిడ గొంతు మారింది. "మీరు ఆ మాట పూర్తి చేస్తే, ఇప్పుడున్న కాగితాలతో మీ ఫైల్ నేను చెయ్యలేను. పన్నెండేళ్ళుగా ప్రతి ఫారం మీదా ఒకటే తేదీ, కింద మీ సంతకం. అది తప్పని మీరే ఒప్పుకుంటే, మోసం కింద చూసే ప్రమాదం ఉంది. అప్పుడు పోయేది అబ్బాయి ఒక్కడిదే కాదు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించానా? ఆలోచించానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. ఉద్యోగం, ఇల్లు, అబిగేల్ చదువు, లూసీ... అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ అనేది. నేను నోరు మూసుకున్నాను.

సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర చెప్పాను. లూసీ కొంగు నోట్లో కుక్కుకుని కిచెన్‌లోకి పోయింది. అబిగేల్ మా మొహాలు మార్చి మార్చి చూసింది.

"సో," అన్నాడు జెరెమీ, చపాతీ తుంచుతూ. "మీరందరూ. నేను కాదు."

"నా తప్పేరా. ఆ రోజు నేను..."

"తెలుసు డాడీ. మమ్మీ ఎప్పుడో చెప్పింది." వాడు నావైపు చూడలేదు. "సాటర్డే తర్వాత మాట్లాడదామా? నాకు మ్యాచ్ ఉంది."

అప్పటికి ఆ మ్యాచ్ ఒక్కటే వాడికి మిగిలింది. అది కూడా నేను రాయించిన తారీఖు కిందే పడుతుందని మాకెవరికీ తట్టలేదు.

గురువారం సాయంత్రం కోచ్ మా ఇంటికొచ్చాడు. మెకెన్నా అని, అరవై దాటిన ఆస్ట్రేలియా మనిషి, ప్లంబింగ్ చేసుకుంటూ ఈ పిల్లలకి ఆట నేర్పుతాడు. సోఫా అంచున కూర్చుని ఒక కాగితం తీశాడు.

"ఏదో పొరపాటు జరిగింది," అన్నాడు. "మన లీగ్‌లో జనవరి ఒకటికి ఎంత వయసో చూస్తారు. ఈ మ్యాచ్‌కి మాత్రం మ్యాచ్ రోజుకి ఇరవై ఒకటి నిండకూడదట. ఫారంలో వీడిది మే పది అని ఉంది. కానీ నేను పోయిన అక్టోబర్‌లో ఈ ఇంట్లోనే కదా వీడి బర్త్‌డే కేకు తిన్నాను! టీమంతా వచ్చాం. మీ ఆవిడ పెట్టిన ఆ రైస్ తిని రెండు రోజులు మంచినీళ్ళు తాగాను."

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

"కెనడా వాళ్ళతో మాట్లాడాను," అన్నాడాయన. "వాళ్ళు మంచివాళ్ళు. ఆస్పత్రిది గానీ, చర్చిది గానీ, అక్టోబరు అని ఉన్న కాగితం ఏదో ఒకటి చూపిస్తే చాలన్నారు. ఇద్దరు మేనేజర్లూ సంతకం పెట్టి ఫైల్లో పెట్టుకుంటారు. కానీ లిస్టు ఇవాళే పంపాలి."

కాగితం ఉంది. రేపల్లె చర్చిలో ఇచ్చిన బాప్తిస్మం సర్టిఫికెట్, జననం అక్టోబరు పంతొమ్మిది అని పాస్టరయ్య గుండ్రటి చేతిరాతతో. అది ఎక్కడుందో లూసీకి తెలుసు. ఎప్పుడు లేచి వెళ్ళిందో నేను చూడనే లేదు. చూసేసరికి బెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఆ పాత గోధుమరంగు కవరు. నావైపే చూస్తోంది. మీరొక్క మాట అనండి, ఇచ్చేస్తాను అన్నట్టుంది ఆ చూపు.

ఒక్క మాట చాలు. అవునండీ, వీడు పుట్టింది అక్టోబర్‌లోనే అంటే చాలు. పార్కులో జరిగే ఆటకి పెట్టే కాగితం ఎవరు చూడొచ్చారు? కానీ ఆ కాగితం మీద రెండు దేశాల వాళ్ళు సంతకాలు పెడతారు, ఫైల్లో ఉంటుంది, రేపెప్పుడో ఎవడో తీస్తాడు... నా బుర్ర డేటాబేసు బుర్ర. ఒకసారి ఎక్కిన తేదీ ఎక్కడికీ పోదని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాను.

జెరెమీ వాళ్ళమ్మ చేతిలో కవరు చూశాడు. నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను.

"కోచ్, నాది మే," అన్నాడు. "అక్టోబర్‌ది చర్చి థింగ్. బాప్టిజం డే. మా వాళ్ళు దానికి కూడా కేక్ కట్ చేస్తారు."

"కేకు మీద ఇరవై అని రాసి ఉంది కదయ్యా."

"మా వాళ్ళంతే కోచ్. కేక్ ఉంటే చాలు."

మెకెన్నా ఆ కాగితం మడిచి మళ్ళీ విప్పాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు, తెలివైనవాడే. "నిజమేనా?" అని మెల్లగా అడిగాడు. జెరెమీ తలూపాడు. ఆయన లేచి వాడి భుజం తట్టి, "అయితే శనివారం టీ పట్టుకెళ్ళేది నువ్వే. నీ బదులు నీల్ తన్నుతాడు, వాడికి నువ్వు పక్కనుండాలి" అన్నాడు. నాతో చేయి కలిపి వెళ్ళిపోయాడు.

తలుపు వేశాక జెరెమీ లేచి లూసీ చేతిలోంచి కవరు తీసుకుని, ఆ కాగితం ఒకసారి చదువుకుని, మళ్ళీ అందులోనే పెట్టి ఇచ్చాడు.

"జాగ్రత్తగా పెట్టు మమ్మీ," అన్నాడు.

లూసీ అప్పుడు ఏడ్చింది. నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇరవై ఏళ్ళవాడు నా బదులు అబద్ధం ఆడుతుంటే, ఆడనిచ్చాను.

శనివారం మ్యాచ్‌కి వెళ్ళాను. మాటిచ్చాను కదా. లూసీ రానంది. "నేను చూడలేనండీ, మీరెళ్ళండి" అని వాటర్ బాటిల్ చేతికిచ్చి పంపించింది.

ఎండ బాగుంది, గాలి ఎక్కువగా ఉంది. రెండు దేశాల జెండాలు కట్టారు, రెండు జాతీయ గీతాలూ పాడారు. మావాడు ఆటగాళ్ళ వరసలో లేడు, పసుపు చొక్కా వేసుకుని నీళ్ళ సీసాల దగ్గర నిలబడి రెండోది, అమెరికాది, పాడుతున్నాడు. ఆ పాట వాడికి ఒకటో క్లాసు నుంచి వచ్చు. నా పక్కన మడతకుర్చీలో నీల్ వాళ్ళ నాన్న. ఎడిసన్‌లో ఉంటారు, గుజరాతీలు. మావాడి బదులు దిగింది వాళ్ళబ్బాయే. ఆయన ఒక డబ్బాలోంచి థేప్లాలు, వాళ్ళ మెంతికూర రొట్టెలు, తీసి ఇచ్చి, "మీవాడికి ఏమైంది, దెబ్బా?" అనడిగాడు. అవునన్నాను. ఒకదాని వెనక ఒకటి ఎంత సులువుగా వస్తాయో అబద్ధాలు!

కొంగలు ఎత్తుగా, బలంగా ఉన్నారు. మావాళ్ళు మొండిగా ఆడారు. ఎవరికైనా దెబ్బ తగిలితే జెరెమీ సీసా పట్టుకుని పరిగెత్తేవాడు, నీళ్ళు పట్టి, చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ గీత బయటికి వచ్చేసేవాడు. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ వాడి నడక నెమ్మదించేది. ఈసారి నేను కార్‌లోకి పోలేదు. కళ్ళు తిప్పకుండా ఎనభై నిమిషాలూ చూశాను.

చివరి నిమిషానికి పద్దెనిమిది పద్దెనిమిది. మావాళ్ళకి పెనాల్టీ వచ్చింది. బాగా పక్కనుంచి, పార్కులో వాడు నాచేత బంతులు ఏరించిన అదే కోణం. జెరెమీ టీ పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. వంగి గడ్డి సరిచేసి, టీ పెట్టి, బంతి నీల్ చేతికిచ్చి, ఏదో చెప్పి వెనక్కొచ్చాడు.

చెప్పుకోకూడదు గానీ చెబుతాను. ఆ బంతి బయటికి పోవాలని కోరుకున్నాను. చర్చి సెక్రటరీని, పిల్లలందరి పేర్లూ చదివి ప్రార్థన చేయించేవాణ్ణి, పక్కవాడి థేప్లా చేతిలో పెట్టుకుని వాడి కొడుకు ఓడిపోవాలని కోరుకున్నాను. అది మా జెరెమీ తన్నాల్సిన బంతి. దేవుడు క్షమించాలి.

బంతి లోపలికే పోయింది. ఇరవై, పద్దెనిమిది. అందరికంటే ముందు పరిగెత్తి నీల్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నది మావాడే. వాళ్ళ నాన్న నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఆయన సంతోషంతో అనుకుని ఉంటాడు. కప్పుతో ఫొటోకి లిస్టులో పేరున్నవాళ్ళనే పిలిచారు. "జెరెమీ, కమాన్" అని ఇద్దరు ముగ్గురు కేకేశారు. వాడు చెయ్యి ఊపి, ఖాళీ సీసాలు క్రేట్‌లో సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికొస్తూ డ్రైవ్ చేస్తున్నది వాడే.

"ఏం చెప్పావురా నీల్‌కి?" అనడిగాను.

"విండ్ లెఫ్ట్ నుంచి వస్తోంది, లెఫ్ట్ పోస్ట్ వైపు కొట్టు అన్నాను." కొంచెం దూరం పోయాక, "వచ్చినందుకు థాంక్స్ డాడీ" అన్నాడు. తిట్టాల్సిందిరా అనుకున్నాను. నన్ను నాలుగు తిట్టాల్సింది.

అక్టోబరు మొదటి వారంలో మా ఫారాలు వెళ్ళాయి. రెండు పేర్లు, నాదీ లూసీదీ.

అక్టోబరు పంతొమ్మిది ఆదివారం వచ్చింది. పొద్దున లూసీ బాస్మతి బియ్యం డబ్బా తీసి, దాని ముందు కాసేపు నిలబడి, మళ్ళీ లోపల పెట్టేసింది. జెరెమీయే అన్నాడు, ఈసారి ఏం వద్దు మమ్మీ అని. చర్చిలో వాడు ఎప్పటిలాగే వెనక కెమెరా దగ్గర నిలబడ్డాడు. మా ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళుతుంది, ఆ పని వాడిదే.

నేను లిస్టు పట్టుకుని మైకు దగ్గరికి వెళ్ళాను. శుక్రవారమే ప్రింటు తీశాను. వాడి పేరు మూడోది. తీసేద్దామని కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. చదివేటప్పుడు దాటేద్దాంలే అనుకున్నాను.

"ఈ వారం పుట్టినరోజులు. పదిహేడు, సిస్టర్ కరుణ. పద్దెనిమిది, బ్రదర్ సుధీర్." మూడో గీత దగ్గర నా కళ్ళు ఆగాయి. "ఇరవై రెండు, బేబీ షారోన్."

లిస్టు మడుస్తున్నాను. ముందు వరసలోంచి ధనమ్మ గారి గొంతు లేచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కూతురి దగ్గర ఉంటుంది, మావాడంటే ప్రాణం.

"సెక్రటరీ బాబూ, మనోడి పేరు మింగేశావేంటయ్యా? జెరెమీది ఇవాళే కదా!"

అందరూ నవ్వారు. సొంత కొడుకుది మర్చిపోయాడు చూడు అని ఎవరో అన్నారు. గాయకబృందంలో లూసీ తల దించుకుంది. మైకు నా నోటికి బెత్తెడు దూరంలో ఉంది, ఎదురుగా కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

"కాదమ్మా," అన్నాను. "వాడిది మే నెల. మే పది."

"అదేంటి బాబూ, పోయినేడు నేనే కదా..." అని ఆవిడ ఇంకా ఏదో అంటోంది. పాస్టర్ గారు నా మొహం చూసి ఏమనుకున్నారో, పాట ఎత్తుకున్నారు. కరుణ, సుధీర్, షారోన్‌ని ఎత్తుకుని వాళ్ళమ్మ, ముందుకొచ్చారు. వెనకనుంచి జెరెమీ గొంతు కూడా వినిపించింది. వాళ్ళ కోసం గట్టిగానే పాడుతున్నాడు.

ఇంటికొచ్చి రికార్డింగ్ పెట్టుకున్నాను. ఆ మాట ఎంతమంది వింటారో, అందులో నా మొహం ఎలా ఉందో చూసుకుందామని. లిస్టు చదవడం వరకూ ఉన్నాను. ధనమ్మ గారి గొంతు లేవగానే కెమెరా నా మీద నుంచి పక్కకి తిరిగింది. బల్ల మీద పూలు కనిపిస్తున్నాయి, తెల్ల చామంతులు. శబ్దం లేదు. పాట మొదలయ్యాకే మళ్ళీ శబ్దం వచ్చింది. నేనన్న మాట అందులో ఎక్కడా లేదు.

తలెత్తితే జెరెమీ గుమ్మంలో ఉన్నాడు.

"సౌండ్ ప్రాబ్లం వచ్చింది డాడీ," అన్నాడు. "సారీ."

ఆ రోజు వాడికి నిజంగా ఇరవై ఒకటి నిండింది. హ్యాపీ బర్త్‌డే నాన్నా అందామని నోరు తెరిచాను. అది కూడా అనలేకపోయాను.